ఒక్క సెకను పెద్దరికం

కొత్తచెరువు అనే ఊరికి కాస్త దూరంలో ఉన్న తుమ్మకుంటపల్లిలో పెద్దమనుషులు ఇద్దరు. ఒకాయన తిమ్మప్ప, చీనీతోటల ఆసామి; బత్తాయిని అక్కడ చీనీ అంటారు. ఇంకొకాయన కుళ్ళాయప్ప, రోడ్డు కాంట్రాక్టులు చేసి పైకొచ్చినవాడు. ఇద్దరికీ భూములున్నాయి, ఇద్దరి వెనకా చెరి సగం ఊరుంది. ఇద్దరిలో వయసుకు ఎవరు పెద్ద అన్నది మాత్రం ఎవరికీ తెలియదు. వాళ్ళు పుట్టినప్పుడు ఆ ఊళ్ళో తేదీలు గుర్తుపెట్టుకున్నవాళ్ళు లేరు. ఆధార్ కార్డులో ఉన్న తేదీ తప్పుడు తేదీ అని ఇద్దరూ ఒప్పుకుంటారు. వాళ్ళిద్దరూ ఒప్పుకునే సంగతి ఊరి మొత్తానికి అదొక్కటే.

దీనివల్ల ఊరికి వరసలతో చిక్కొచ్చిపడింది. ఒకర్ని పెదనాయన అని, ఇంకొకర్ని చిన్నాయన అని పిలిస్తే రెండోవాళ్ళు ఆ ఇంటికి ఆరు నెలలు రారు. అందుకని జనం ఇద్దర్నీ పెదనాయన అనే పిలిచేవాళ్ళు. ఇద్దరూ ఒకచోట ఉంటే ఎవర్నీ ఏమీ పిలవకుండా గొంతు సవరించుకుని మాట మొదలుపెట్టేవాళ్ళు.

ఈ పెద్దరికం గొడవ ముదిరింది చెరువు దగ్గర. రెండేళ్ళ కిందట కాలువ నీళ్ళు మొదటిసారి ఊరి చెరువుకు వదిలారు. నీళ్ళు తూము దాటి లోపలికి వచ్చే సమయానికి ఊళ్ళో పెద్దవాడు హారతివ్వాలన్నారు. ఇద్దరూ చెరో పళ్ళెం పట్టుకుని కట్ట మీదికి వచ్చారు. నేను పెద్ద అంటే నేను పెద్ద అనుకుంటూ ఉండగానే నీళ్ళు వచ్చేశాయి, చెరువు అడుగున పరుచుకున్నాయి, కొంగలు కూడా వాలాయి. సర్పంచ్ చౌడేశ్వరి కర్పూరం, అగ్గిపెట్టె పట్టుకుని వాళ్ళ వెనకే పొద్దుగూకేదాకా నిలబడింది. ఆ ఊరికి సర్పంచ్ ఆవిడే. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

మళ్ళీ ఈ ఏడాది సంక్రాంతికి ముందే కాలువ నీళ్ళు వస్తాయని కబురొచ్చింది.

చౌడేశ్వరి అన్న కూతురు ప్రసూన. పుట్టపర్తి వైపు ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ల సి భాష పాఠం చెబుతూ, అత్త ఇంట్లోనే ఉండి రోజూ బస్సులో వెళ్ళివస్తుంది. కాలేజీ ల్యాబులో మూలన పడేసిన అరచేతంత పాత కంప్యూటర్ బోర్డు ఒకటి ఆమె దగ్గర ఉంది. పంచాయతీ మైకుకు దాన్ని తగిలించి, రోజూ తెల్లవారకముందే అదే మాట్లాడేట్టు చెయ్యమని చౌడేశ్వరి అడిగింది. టైమెంతయిందో చెప్పాలి, త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో, కొళాయి నీళ్ళు ఎప్పుడు వదులుతారో చెప్పాలి, ఆ రోజు ఎవరిదైనా పుట్టినరోజయితే వాళ్ళకు శుభాకాంక్షలు చెప్పాలి. ఆ చివరిది ఓట్లకు పనికొస్తుందని ఆవిడ దాచుకోకుండానే చెప్పింది.

ప్రసూన డిసెంబరంతా కూర్చుని ప్రోగ్రాం రాసింది, ఇంటింటికీ తిరిగి పుట్టిన తేదీలు అడిగింది. జాతకాలు రాయించుకున్నవాళ్ళు పుట్టిన వేళతో సహా చెప్పారు. ముసలివాళ్ళు చాలామంది తెలియదన్నారు. తిమ్మప్ప మాత్రం నవ్వి, ముందు కుళ్ళాయప్పది రాసుకుని రమ్మన్నాడు, తర్వాత తనది చెబుతానన్నాడు. కుళ్ళాయప్ప ఇంటికి పోతే ఆయన కూడా అదే మాట, పేరు మాత్రం తిరగేసి. ముందు చెప్పినవాడి కంటే రెండోవాడు ఒక ఏడాది వెనక్కి చెబుతాడని ఇద్దరికీ తెలుసు. రెండిళ్ళ మధ్య నాలుగుసార్లు తిరిగి విసిగి, ప్రసూన ఇద్దరి తేదీలూ ఖాళీగా వదిలేసింది.

జనవరి ఒకటో తేదీ, ఇంకా చీకటి విడవకముందే మైకు మోగింది. టైము చెప్పింది, కరెంటు వేళ చెప్పింది, తర్వాత ఈ రోజు పుట్టినరోజు జరుపుకుంటున్నవారు అని మొదలుపెట్టి ఆపకుండా చదువుతూ పోయింది. తిమ్మప్ప గారు, 1970 జనవరి ఒకటి, ఉదయం ఐదు గంటల ఇరవై తొమ్మిది నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు. కుళ్ళాయప్ప గారు, అదే రోజు, అదే గంట, అదే నిమిషం, అదే సెకను. గొర్రెలకాపరి ఆంజినప్ప, అదే సెకను. ఆంజినప్ప తల్లి సుంకమ్మ, అదే సెకను. ఊళ్ళో తేదీ చెప్పని ముసలివాళ్ళంతా 1970లో ఒక్కసారే, ఒకే కాన్పులాగా పుట్టేశారు.

జనం దుప్పట్లు కప్పుకునే బయటికొచ్చారు. సుంకమ్మ కర్ర పట్టుకుని పంచాయతీ ఆఫీసు దాకా నడిచొచ్చి, అరుగు మీద కూర్చుంది.

"నేనూ నా కొడుకూ ఒకే పొద్దు పుట్టింటే, వాన్ని కన్నది ఎవురమ్మా?" అని అడిగింది ప్రసూనను.

ప్రసూనకు ముఖం ఎత్తబుద్ధి కాలేదు. పొరపాటు ఎక్కడ జరిగిందో మైకు రెండో పేరు చదువుతుండగానే ఆమెకు తెలిసిపోయింది. కంప్యూటరుకు తేదీలు, నెలలు తెలియవు. దానికి తెలిసింది సెకన్ల లెక్క. 1970 జనవరి ఒకటి మొదలైన క్షణం, ఇంగ్లండు గడియారం ప్రకారం, దానికి సున్నా. అక్కణ్ణుంచి ముందుకైతే ఒకటి, రెండు, మూడు. వెనక్కయితే మైనస్ ఒకటి, మైనస్ రెండు. మనుషులు రాసిన తేదీని ఆ సెకన్లలోకి మార్చడానికి సి భాషలో ఎంకేటైమ్ అనే ఫంక్షన్ ఉంది. అది మార్చలేని తేదీ చేతికిస్తే, నా వల్ల కాలేదు అని చెప్పడానికి మైనస్ ఒకటి తిరిగిస్తుంది. ఆ జవాబు వచ్చిందా అని చూసుకోవాల్సింది రాసేవాళ్ళు. ప్రసూన చూసుకోలేదు. ఖాళీ తేదీలన్నిటికీ మైనస్ ఒకటి వచ్చింది, అంటే సున్నాకు ఒక్క సెకను ముందు. మన గడియారంలో అది తెల్లారి ఐదున్నరకు ఒక్క సెకను తక్కువ. ఈ చిన్న పరీక్ష మరిచిపోయిన పిల్లలకు ఆమె ప్రతి ఏడూ నిర్దాక్షిణ్యంగా మార్కులు కోస్తుంది.

ఈ పూటే సరిచేస్తానని అత్తతో చెప్పింది. చౌడేశ్వరి పొయ్యి మీద రాగిసంకటి కెలుకుతూనే వింది. తొందరేమీ లేదు, ఉండనీ అంది.

ఆ మధ్యాహ్నం తిమ్మప్ప, కుళ్ళాయప్ప ఒకరి వెనక ఒకరు ఆఫీసుకు వచ్చారు. కవలలుగా పుట్టడం ఇద్దరికీ సమ్మతం కాదు. చౌడేశ్వరి ఇద్దర్నీ కూర్చోబెట్టి టీ తెప్పించింది. మిషను ఎవరి పక్షమూ కాదని, ఇద్దరూ తేదీ చెప్పలేదు కాబట్టి ఇద్దర్నీ సమానంగా చూసిందని నచ్చజెప్పింది. ఇప్పటికైనా ఎవరి తేదీ వాళ్ళు ప్రసూనకు విడిగా చెప్పొచ్చు. నీళ్ళొచ్చే రోజు కట్ట మీద మైకు, హారతికి పేరిచ్చినవాళ్ళందరి పేర్లూ వయసు వరసలో చదువుతుంది. ఎవరి పేరు ముందొస్తే వాళ్ళే హారతిస్తారు. ఆ వరసకు ఇద్దరూ కట్టుబడాలి. ఇద్దరూ ఊరి ముందు సరేనన్నారు.

ఆ సాయంత్రమే తిమ్మప్ప చీనీకాయల గంపతో చౌడేశ్వరి ఇంటికి వచ్చాడు. తను 1955లో పుట్టానని, ఇప్పుడే గుర్తొచ్చిందని చెప్పాడు. మర్నాడు కుళ్ళాయప్ప వేయించిన చెనిక్కాయలు పట్టుకొచ్చి, తనది 1953 అన్నాడు. ఒకరి తేదీ ఇంకొకరికి చెప్పకూడదని మాట. ప్రసూన ఎవరికీ చెప్పలేదు. కానీ తిమ్మప్ప మళ్ళీ వచ్చి 1950 అన్నాడు. కుళ్ళాయప్ప వచ్చి, స్వాతంత్ర్యం వచ్చిన రోజు జెండా వందనం చేసినట్టు తనకు లీలగా జ్ఞాపకం ఉందన్నాడు. తిమ్మప్ప తెల్లదొరను కళ్ళారా చూశానన్నాడు.

రోజుకో తేదీ మార్చలేక ప్రసూన అత్తను నిలదీసింది. "నువ్వేనా అత్తా, ఈడ మాట ఆడ చెప్తాండేది?"

"నేనేం చెప్పలేదు. చీనీకాయ తింటా ఉంటే, యాడిదని ఆయప్ప అడిగినాడు. తిమ్మప్ప పెదనాయన ఇచ్చినాడు, పాపం యాభయ్యో ఏడు పుట్టినోడంట అన్నాను. అంతే."

ప్రసూనకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. కవలల తప్పును సరిచెయ్యకుండా రోజులు గడపడం ఆమెకు మొదట్లో గుచ్చుకుంది గానీ, ఇప్పుడు బస్సు దిగుతూనే ఈ రోజు ఎవరు వచ్చుంటారా అని చూడటం మొదలుపెట్టింది.

నీళ్ళు పక్క మండలం దాటాయని కబురు తెలిసిన రోజు తిమ్మప్ప గంప లేకుండా వచ్చాడు. సంవత్సరాలు చెప్పి చెప్పి ఆయనకూ విసుగొచ్చింది.

"నీ మిషను వెనక్కి ఎంత దూరం పోతుందో అంత దూరం నన్ను పెట్టు పాపా. నా ముందర ఇంగ ఎవురూ ఉండకూడదు."

అట్లాగే అంది ప్రసూన. ఆ పాత బోర్డు సెకన్లను ముప్పై రెండు బిట్లలో, అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే ముప్పై రెండు గళ్ళలో, దాచుకుంటుంది. అందులో పట్టే అతి పాత క్షణం 1901 డిసెంబరులో ఉంది. తిమ్మప్పను అక్కడ పెట్టింది. ఆయన తృప్తిగా మీసం దువ్వుకుంటూ వెళ్ళాడు.

మరుసటి రోజు పొద్దున్నే, ఆమె బస్సు కోసం నిలబడి ఉండగా కుళ్ళాయప్ప బుల్లెట్ మీద వచ్చి ఆగాడు. చీనీకాయలు అయిపోయినా చౌడేశ్వరి నోరు ఊరుకోలేదని ప్రసూనకు అర్థమైంది.

"తిమ్మప్పను మొదట్లోకి పెట్టినావంట. నన్ను ఆయప్పకు ఒక్క సెకను ముందర పెట్టు."

"దాని ముందర ఏమీ లేదు పెదనాయనా. మిషను అంతకంటే వెనక్కి పోదు."

"పోదా, పోనీవా? ఏళ్ళు అడగలేదు, రోజులు అడగలేదు. ఒక్క సెకను. అది కూడా చేయలేకపోతే నువ్వు ఆయప్ప మనిషివని ఊరంతా చెప్తా."

ప్రసూన మళ్ళీ చెప్పి చూసింది. ఒకటి తీసేస్తే ఏమవుతుందో తాను పూచీ కాదని, అక్కణ్ణుంచి ఒక్క అడుగు వెనక్కి వేసినా లెక్క తారుమారవుతుందని చెప్పింది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి, నువ్వు ఒకటి తియ్యి చాలు అన్నాడు. తీస్తే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. రెండో సెమిస్టరులో ఆ పాఠం ఆమె బొమ్మ గీసి మరీ చెబుతుంది. బస్సు వచ్చింది. సరే పెదనాయనా, మీ ఇష్టం అని ఎక్కేసింది. సాయంత్రం వచ్చి, ఆయన అడిగింది అడిగినట్టే, తిమ్మప్ప సంఖ్యలోంచి ఒకటి తీసి కుళ్ళాయప్పకు రాసింది. చేతులు కడుక్కున్నట్టుగా ఉంది గానీ, అన్నం తింటున్నంతసేపూ నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఎందుకు నవ్వుతున్నావని చౌడేశ్వరి అడగలేదు.

రెండు రోజులకు నీళ్ళొచ్చాయి. ఊరంతా కట్ట మీద చేరింది. ఎండ చురుక్కుమంటోంది, చెరువు ఎండి నెర్రెలిచ్చి ఉంది, కాలువ వైపు నుంచి పిల్లలు వచ్చి నీళ్ళు ఇంకా మలుపు దగ్గరున్నాయని చెబుతున్నారు. హారతికి పేరిచ్చినవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. అందరికంటే చిన్నది నెల కూడా నిండని పసిపిల్ల. బిడ్డ పేరు మీద హారతిస్తానని తల్లి మొక్కుకుంది. తిమ్మప్ప కొత్త పంచె కట్టి, జుట్టుకు తాజాగా రంగు వేయించుకుని వచ్చాడు. కుళ్ళాయప్ప తెల్ల చొక్కాలో మెరిసిపోతున్నాడు. ఇద్దరి చేతుల్లోనూ పళ్ళేలు. ఇద్దరి ముఖాల్లోనూ గెలిచిన కళ.

చౌడేశ్వరి తలూపింది. ప్రసూన బోర్డుకు కరెంటు ఇచ్చింది. మైకు గొంతు విప్పింది.

"తిమ్మప్ప గారు. పుట్టినది 1901 డిసెంబరు. వయసు నూట ఇరవై నాలుగు సంవత్సరాలు."

జనం తిమ్మప్ప వైపు తిరిగారు. ఆయన నిటారుగా నిలబడి పళ్ళెం సర్దుకున్నాడు. కుళ్ళాయప్ప మొహం కాస్త వాడింది గానీ, రెండో పేరు తనదేమో అని ఆగాడు. రెండో పేరు సుంకమ్మది. ఆమెకు నిజంగా ఎంత వయసో ఆలోచించి ప్రసూన ఉజ్జాయింపుగా సరిచేసి పెట్టింది. మూడోది ఇంకెవరిదో. మైకు వరసగా చదువుతూ, నడివయసువాళ్ళను దాటి, కాలేజీ పిల్లలను దాటి, చివరికి నెల నిండని పసిపిల్ల పేరు కూడా చదివింది. అయిపోయిందనుకున్నారు. మైకు ఇంకోసారి గొంతెత్తింది.

"కుళ్ళాయప్ప గారు. పుట్టినది 2038 జనవరి పంతొమ్మిది. వయసు మైనస్ పన్నెండు సంవత్సరాలు."

ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు, ఆ నవ్వు కట్ట పొడుగునా పాకింది. పసిపిల్ల తల్లి బిడ్డను చూసి, కుళ్ళాయప్పను చూసి, నవ్వలేక పక్కకు తిరిగింది.

"ఏంది పాపా ఇది?" అన్నాడు కుళ్ళాయప్ప.

ప్రసూన అందరికీ వినబడేట్టే చెప్పింది. పాత బస్సుల్లో కిలోమీటర్ల మీటరు తొమ్మిదులన్నీ నిండాక సున్నాలకు తిరుగుతుంది చూడండి, ఇదీ అంతే. సున్నాల దగ్గరున్న మీటరును ఒక్క అంకె వెనక్కి తిప్పితే తొమ్మిదులకు పోయి నిలుస్తుంది. 1901 డిసెంబరు ఈ మిషనుకు ఒక కొస, 2038 జనవరి ఇంకో కొస. ఆ కొసకు ఒక్క సెకను వెనక్కి పొమ్మంటే ఈ కొసకు వచ్చి పడింది. అట్లాంటిది వద్దని తను ముందే చెప్పానని కూడా అంది.

కుళ్ళాయప్ప కాంట్రాక్టరే కాదు, మూడు ఎలక్షన్లు చూసినవాడు. జనం నవ్వుతున్నప్పుడు కోపం తెచ్చుకుంటే ఆ నవ్వు ఇంటిదాకా వస్తుందని ఆయనకు తెలుసు. పళ్ళెం పక్కవాడి చేతిలో పెట్టి, తిమ్మప్ప దగ్గరికి నడిచి, వంగి రెండు కాళ్ళూ పట్టుకున్నాడు.

"దీవించు తాతా. ఇంగా పుట్టనోణ్ణి నేను. నూటా ఇరవై నాలుగేండ్లు బతికినావు, నీ నోటితో ఒక మంచి కడుపున పుట్టమని చెప్పు."

ఈసారి నవ్వు తిమ్మప్ప మీదికి తిరిగింది. ఆయన మనుషులు కూడా నవ్వారు. ఎవరో కుర్రాళ్ళు తాతను నీడకు తీసుకుపోండప్పా అన్నారు. ఇంకెవరో తాతకు మెట్లు దిగే ఓపిక ఉందో లేదో కనుక్కోమన్నారు. తిమ్మప్ప చెయ్యి తనకు తెలియకుండానే రంగు వేసిన జుట్టు మీదికి పోయింది. రెండేళ్ళుగా పెద్దరికం కోసం పోట్లాడిన మనిషికి, ఆ పెద్దరికం నెత్తిన పడేసరికి చెమటలు పట్టాయి.

"ఎవురప్పా తాత? నేను నీకంటే చిన్నోణ్ణి కుళ్ళాయన్నా. నువ్వే ఇయ్యి హారతి," అన్నాడు.

అన్నా అని ఆయన నోట రావడం అదే మొదలు. కుళ్ళాయప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. తను తిమ్మన్న కంటే ఏ లెక్కన చూసినా చిన్నవాడినని, చిన్నతనంలో తిమ్మన్న తనను ఎత్తుకుని తిరిగాడని ఒట్టేశాడు. తిమ్మప్ప ఎప్పుడూ ఎత్తుకోలేదన్నాడు. నువ్వు ముందు అంటే నువ్వు ముందు అంటూ ఇద్దరూ ఒకరి పళ్ళెం ఒకరి చేతిలో పెట్టబోయారు. కుంకుమ ఇద్దరి చొక్కాల మీదా పడింది. వాదన మారిందే గానీ గొంతులు మాత్రం రెండేళ్ళ కిందటి లాగే పెరుగుతున్నాయి.

ఇంతలో తూము దగ్గర చప్పుడైంది. ముందు చెత్తా చెదారం, నురగ, దాని వెనక ఎర్రటి నీళ్ళు. నెర్రెలు ఒక్కొక్కటే నీళ్ళు తాగుతూ బుడగలు వదిలాయి.

చౌడేశ్వరి ఎవర్నీ అడగలేదు. కర్పూరం వెలిగించుకుని, కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, మెట్లు దిగింది. నీళ్ళు పాదాలకు తగిలేదాకా ఆగి హారతిచ్చింది. పసుపు, కుంకుమ, కొత్త చీర నీళ్ళలో వదిలింది. అప్పటికి పైనున్న ఇద్దరూ మాట ఆపి చూశారు. ఎవరూ వద్దనలేదు. వద్దంటే పెద్దరికం ఒప్పుకున్నట్టవుతుంది. పెద్దరికం ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. తర్వాత ఆడవాళ్ళంతా బిలబిలమంటూ ఆవిడ వెనకే దిగారు, సుంకమ్మను ఇద్దరు పట్టుకుని దించారు.

ఇంటికి పోతూ ప్రసూన అడిగింది, మొదటినుంచీ ఇదే అనుకున్నావా అని. చౌడేశ్వరి తడిసిన చీర అంచు పిండుకుంటూ నడిచింది.

"నేనేమి అనుకుంటా? ఇద్దరూ అడిగిందే కదా నువ్వు రాసినావు."

ఆ రాత్రి భోజనం కాకముందే ప్రసూన ప్రోగ్రాం తెరిచి, మైనస్ ఒకటి వస్తే ఆ పేరు పక్కన తెలియదు అని రాసేట్టు మార్చింది. వారంలోగా ఆ పాత బోర్డు తీసేసి, సెకన్లను అరవై నాలుగు బిట్లలో దాచే కొత్తది తెచ్చింది. అందులో వెనక్కి ఎంత దూరం పోయినా కొస తగలదు. తిమ్మప్ప, కుళ్ళాయప్ప మాత్రం మళ్ళీ తేదీ చెప్పడానికి రాలేదు. వాళ్ళ పేర్ల పక్కన తెలియదు అనే ఉంది.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు రాప్తాడు వైపు నుంచి ఆదెన్న అనే సర్పంచ్ ఫోన్ చేశాడు. తుమ్మకుంటపల్లి సంగతి ఆయన బంధువుల పెళ్ళిలో విన్నాడట. వాళ్ళ ఊరికి కూడా అట్లాంటి మిషను కావాలన్నాడు. ప్రసూన సంతోషించి, ఇప్పుడు తప్పులన్నీ సరిచేశానని, కొత్త బోర్డు మీద చక్కగా పనిచేస్తోందని చెప్పింది.

అవతల ఆయన గొంతు తగ్గించాడు.

"సరిచేసింది మాకెందుకమ్మా," అన్నాడు. "మా ఊర్లో పెద్దోళ్ళు ముగ్గురుండారు. ఆ పాతది యాడన్నా పెట్టింటే చూడు."